ముద్ర వెనక వేలు

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం పొద్దున గంట కొట్టించి, వెర్నెబెక్ నగరసభ మెట్ల మీద నిలబడి గుమాస్తా లాంబెర్ట్ ఒక పత్రం చదివాడు. వాగు పక్కనున్న ఆరబెట్టే మైదానాన్ని, గట్టుతో సహా, గట్టు మీది చెట్లతో సహా, ఊరు సభ పెద్దల్లో ఒకరైన గిల్లిస్ గారి అల్లుడికి శాశ్వతంగా ఇచ్చేసిందట. ఇచ్చింది నిరుడు చలికాలం మొదట్లో, సెయింట్ మార్టిన్ పండగనాడట. కింద ఊరి ముద్ర ఉందట. ముద్ర వెనక మైనంలో రెండు బొటనవేళ్ళు పడ్డాయట. ఒకటి సభ తరఫున గిల్లిస్‌ది, రెండోది పనివాళ్ళ తరఫున బౌడెన్‌ది.

"అబద్ధం!" అంది గుంపులోంచి మాబెలీ. గట్టిగానే అంది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు గానీ ఒక్కరూ మాట కలపలేదు. బౌడెన్ ఆమె మొగుడు. పోయి రెండు నెలలు కూడా కాలేదు.

ఆ మైదానం సంగతి తెలియాలంటే ఆ ఊరి బతుకు తెలియాలి. ఉన్నిబట్ట నేసేవాడు నేస్తాడు, అమ్మేవాడు అమ్ముకుంటాడు. ఆ మధ్యలో దాన్ని తొట్టెలో పడేసి, బంకమట్టీ పులిసిన ఉచ్చా వేణ్ణీళ్ళూ పోసి, పొద్దస్తమానం కాళ్ళతో తొక్కి, చేతులతో పిసికి చిక్కబరిచేవాళ్ళు ఒకళ్ళుంటారు. వాళ్ళని ఊళ్ళో తొట్టెవాళ్ళంటారు. వాళ్ళు తొక్కిన బట్టని కొయ్య చట్రాలకి లాగి కట్టి ఆరబెట్టకపోతే అది ముడుచుకుపోయి గుర్రం వీపు మీద వేయడానికి కూడా పనికిరాదు. ఆ చట్రాలన్నీ ఉన్నది ఆ మైదానంలోనే. తాతల నాటినుంచి ఎవరికీ చిల్లిగవ్వ కట్టకుండా వాడుకుంటున్న నేల అది. రేపట్నుంచి గిల్లిస్ అల్లుడు ఊ అంటేనే అక్కడ బట్ట ఆరుతుంది.

ఇక ముద్ర. దొరల ముద్రల్లో గుర్రమెక్కిన దొర ఉంటాడు. మఠాల ముద్రల్లో కుర్చీలో కూర్చున్న మఠాధిపతి ఉంటాడు. వెర్నెబెక్ ముద్రలో మనిషే లేడు. కోటగోడ, తెరిచిన ద్వారం, కింద వాగు, వాగు పక్కన ఒక ఆరబెట్టే చట్రం, చుట్టూ 'వెర్నెబెక్ ప్రజల ముద్ర' అని అక్షరాలు. ఆ ఊరివాళ్ళు దొరతో పోట్లాడి, నలుగురిని పోగొట్టుకుని తెచ్చుకున్న ముద్ర అది. అక్షరం ముక్క రాని ముసలమ్మ కూడా ఆ మైనం మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ గోడ వెనకే మా ఇల్లు" అని మనవలకి చూపిస్తుంది. దాని ఇత్తడి అచ్చు రెండు తాళాల పెట్టెలో ఉంటుంది. ఒక తాళంచెవి సభలో ఒక పెద్ద దగ్గర, ఇప్పుడైతే గిల్లిస్ దగ్గర. రెండోది తొట్టెవాళ్ళ సంఘం పెద్ద దగ్గర, అంటే మొన్నటిదాకా బౌడెన్ దగ్గర. ఇద్దరూ ఎదురుగా ఉంటేనే పెట్టె తెరవాలి. పత్రం కింద వేలాడే నాడాకి మైనం ముద్ద పెట్టి దాని మీద అచ్చు ఒత్తాక, అది వేడిగా ఉండగానే ఇద్దరూ వెనకవైపు బొటనవేలు నొక్కాలి. ముందువైపు ఊరు, వెనకవైపు ఊరి చేతులు. ముందువైపు అందరూ చూస్తారు. వెనకవైపు ఎవడు చూస్తాడు?

చట్రం ఆ ముద్రలోనే ఉంది. ముద్రలో ఉన్న నేలని ఆ ముద్ర వేసే ఇచ్చేశారు. కంచే చేను మేయడమంటే ఇంతకన్నా ఏముంటుంది!

మధ్యాహ్నానికల్లా మాబెలీ గుమ్మం మీద ఎవరో కుడితి కుమ్మరించి పోయారు. ఎవరో ఏమిటి, పక్కింటావిడే. నిన్నటిదాకా నిప్పు అడగడానికి వచ్చిన మనిషి. మాబెలీ చీపురు తీసి కడుగుతూంటే తొట్టెవాళ్ళలో ఇప్పుడు వయసులో అందరికన్నా పెద్దవాడు యోస్ వచ్చి నిలబడ్డాడు. బౌడెన్‌తో ఒకే తొట్టె తొక్కినవాడు, పాడె మోసినవాడు.

"వదినా, తాళంచెవి ఇచ్చెయ్యి," అన్నాడు తల ఎత్తకుండా.

"ఎందుకివ్వాలి? సెయింట్ జాన్ పండక్కి కొత్త పెద్దని ఎన్నుకునేదాకా పాత పెద్ద ఇంట్లోనే ఉండాలని కట్టుబాటు. కట్టుబాటు పెట్టింది నేనా, మీరా?"

"మా వాళ్ళు నీ దగ్గర ఉంచొద్దంటున్నారు."

"మీ వాళ్ళు ఇంకా ఏమంటున్నారు? చెప్పు, మొహమాటపడకు."

యోస్ కాలితో బురద గీశాడు. "అన్నకి గిల్లిస్ ఎంత ముట్టజెప్పాడో అంటున్నారు."

మాబెలీ చీపురు నేలకేసి కొట్టింది. "ఎంత ముట్టిందో లోపలికొచ్చి చూడు! పాడె మీద దుప్పటి కూడా మీ సంఘం దుప్పటే కప్పి పంపాను. ఇరవై ఎనిమిదేళ్ళు నీ పక్కన ఉచ్చలో నిలబడ్డవాడు, నువ్వు జ్వరంతో పడుకుంటే నీ వంతు కూడా తొక్కినవాడు. వాడి మీద ఆ మాట అన్నవాళ్ళ నోట్లో పురుగులు పడవా! నువ్వు విని ఊరుకున్నావా, యోస్?"

"ముద్ర ఉంది కదా వదినా," అన్నాడు యోస్ నీరసంగా. "ముద్ర అబద్ధమాడదు కదా."

అదీ వాళ్ళ తెలివి. ముద్ర అబద్ధమాడదు, బౌడెన్ ఆడతాడు. ఇత్తడి ముక్క మీదున్న నమ్మకం పక్కనున్న మనిషి మీద లేదు. యోస్ వెళ్ళిపోయాక మాబెలీ గుమ్మంలోనే కూలబడి, మెడలో ఉన్న తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుని ఆలోచించింది.

బౌడెన్ పోయే ముందు ఆదివారం గిల్లిస్ వచ్చాడు. సభలో పెద్ద, ఉన్నిబట్టల వర్తకుడు, తొట్టెవాళ్ళ వీధిలోకి ముక్కు మూసుకోకుండా ఎప్పుడూ అడుగుపెట్టనివాడు, తెల్ల గోధుమరొట్టె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. తన చేత్తోనే రొట్టె తుంచి బౌడెన్ నోటికి అందించాడు. ఎడమ బొటనవేలికి అడ్డంగా ఓ పాత గాటు ఉండటం అప్పుడే చూసింది మాబెలీ. "నువ్వు పోయి పాదిరీని పిలుచుకురా తల్లీ, నేను కూర్చుంటాను," అన్నాడు. ఎంత మంచివాడో అనుకుని ఆ చేతిని ముద్దుపెట్టుకుని మరీ పరిగెత్తింది. మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి ద్రాక్షసారా తెచ్చాడు. ఆయన వెళ్ళాక చూస్తే తాళంచెవి ఎప్పట్లాగే మంచం తలాపున మేకుకి వేలాడుతోంది. గురువారం బౌడెన్ పోయాక దాన్ని మెడలో వేసుకుంటూ ఆమె తాడు చూసింది. బౌడెన్ ఎప్పుడూ చట్రానికి కట్టే ముడి వేసేవాడు. ఉన్న ముడి వేరు. వర్తకులు ఉన్ని బస్తాలకి వేసే ముడి అది. ఏడుపులో పట్టించుకోలేదు.

ఆదివారం విప్పుకుపోయి, సోమవారం తెచ్చి కట్టాడన్నమాట. ఇప్పుడు కోపమొచ్చింది. గిల్లిస్ మీద కన్నా తన మీద ఎక్కువ. ఆ చేతినా ముద్దుపెట్టుకున్నది!

కానీ తాడు ముడిని సాక్ష్యంగా ఎవరొప్పుకుంటారు? నవ్విపోతారు. ఇంకేదో కావాలి. బౌడెన్‌తోపాటు తొట్టెలో బట్ట పిసికిన తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. బౌడెన్ ఎప్పుడూ వేసే ఓ వేళాకోళం గుర్తొచ్చింది. "మన తొట్టెవాళ్ళకి తీర్పునాడు కష్టమే మాబెలీ. వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. దేవుడికి మనల్ని పోల్చుకోవడం ఎలాగంట?" ఆ మాట గుర్తు రాగానే లేచి నిలబడింది.

శుక్రవారం గుమాస్తా లాంబెర్ట్ స్వయంగా వచ్చాడు. పెంతెకోస్తు పండగ సంతకి వచ్చే పరాయి ఊళ్ళ వర్తకులకి, దారిలో ఎవరూ వాళ్ళ సరుకు ముట్టరని అభయపత్రాలు పంపాలి, యాభై పత్రాలు, యాభై ముద్రలు. అవి లేకపోతే ఒక్క బండి కూడా రాదు.

"తాళంచెవి ఇచ్చెయ్యమ్మా, సాయంత్రానికి తిరిగి పంపిస్తాను."

"చెవి ఒంటరిగా ఎక్కడికీ రాదు. నేనూ వస్తాను."

"సభలోకి ఆడవాళ్ళు రావడం ఆనవాయితీ లేదు."

"చచ్చినవాడు వేలు నొక్కడం ఉందా ఆనవాయితీ?"

"నిరుడు నొక్కాడు కదమ్మా, బతికుండగా."

"ఆ పత్రం బల్ల మీద బోర్లా పెట్టండి. వెనకవైపు నాకు చూపించండి. మా సంఘం పత్రం ఒకటుంది, ఆరేళ్ళ కిందట మీరు ముద్ర వేసిందే, దాని వెనక మా ఆయన వేలుంది. దాన్నీ తెస్తాం. రెండూ పక్కపక్కన పెట్టి, సభ తలుపులు బార్లా తెరిచి, ఊరంతా చూస్తుండగా తేల్చండి. అప్పుడు మీ పెట్టె తెరుచుకుంటుంది."

"లేకపోతే?"

"లేకపోతే పెట్టె బద్దలుకొట్టుకోండి. కొట్టిన పెట్టెలోంచి వచ్చిన ముద్రని ఏ ఊరివాడు నమ్ముతాడో నేనూ చూస్తాను."

సభ రెండు రోజులు గుంజాటన పడి జవాబు పంపింది. తలుపులు తెరవరు. నలుగురు తొట్టెవాళ్ళని సాక్షులుగా రానిస్తారు. అంతే. మాబెలీ పళ్ళు కొరుక్కుని ఒప్పుకుంది.

సోమవారం ఆమెతో యోస్, ఇంకో ముగ్గురు వచ్చారు. సంఘం పత్రం యోస్ చంకలో ఉంది. తెచ్చాడే గానీ దారి పొడుగునా ఆమెకి పదడుగులు వెనకే నడిచాడు. సభలో పొడుగాటి బల్ల చుట్టూ ఎనిమిదిమంది పెద్దలు కూర్చున్నారు. మధ్యలో సభాపతి రెయ్నియర్, డెబ్భై దాటిన మనిషి. ఆయనకి కుడిపక్కన గిల్లిస్. మూలన కుంపటి మీద గిన్నెలో మైనం కరుగుతోంది. గదంతా తేనె వాసన.

గిల్లిస్ ముందే అందుకున్నాడు. "సభ వారికి ఒక్క మాట. ఈ ముద్ర మన ఊరి మాట. సముద్రం అవతల కూడా దీన్ని చూసి సరుకు అప్పగిస్తారు. ఇవాళ ఒక పత్రం మీది ముద్ర దొంగదంటే, రేపు అన్నీ దొంగవే అంటారు. ఊరి మొహం మీద ఉమ్మేయమంటోంది ఈవిడ. మొగుడు పోయిన దుఃఖం, నాకు తెలుసు, నేను దగ్గరుండి చూశాను. కానీ దుఃఖానికీ ఒక హద్దుంటుంది."

"దగ్గరుండి చూశారు, నిజమే," అంది మాబెలీ. "ముద్రని నేను దొంగదనలేదు. ఆ గోడ మాది, ఆ ద్వారం మాది, ఆ వాగు మాది. ముందువైపు అంతా నిజమే. దాని వెనక నక్కిన దొంగని చూపిస్తానంటున్నాను."

"మాటలు జాగ్రత్త," అన్నాడు రెయ్నియర్. "సరే, తిప్పు లాంబెర్ట్."

లాంబెర్ట్ మైదానం పత్రాన్ని తిప్పి బోర్లా పెట్టాడు. దాని పక్కన యోస్ సంఘం పత్రం పెట్టాడు. రెండింటి వెనకా రెండేసి గుంటలు. పెద్దలు ముందుకి వంగారు.

సంఘం పత్రం మీద ఎడమవైపు గుంటలో సన్నని గీతలున్నాయి. అది అప్పటి సభాపెద్దది. కుడివైపు గుంట గుడ్డుపెంకులా నున్నగా ఉంది. అది బౌడెన్‌ది. అందులో ఒక్క గీత లేదు.

మైదానం పత్రం మీద రెండు గుంటల్లోనూ గీతలున్నాయి.

"అయితే ఏమిటి?" అన్నాడు గిల్లిస్. "ఒకప్పుడు మైనం మెత్తగా ఉంటుంది, ఒకప్పుడు గట్టిగా ఉంటుంది."

మాబెలీ కుంపటి దగ్గరికి వెళ్ళింది. ఎవరినీ అడగలేదు. గరిటెతో మైనం తీసి బల్ల మీద అయిదు చోట్ల పోసింది. కాస్త గట్టిపడగానే మొదటిదాంట్లో తన బొటనవేలు నొక్కి తీసింది. "రా యోస్." యోస్ వచ్చి నొక్కాడు. మిగతా ముగ్గురూ వచ్చి నొక్కారు. అయిదు గుంటలూ నున్నగా ఉన్నాయి.

"ఇవీ తొట్టెవాళ్ళ వేళ్ళు," అంది. "మట్టీ ఉచ్చా కలిపి ఇన్నేళ్ళు రుద్దితే రాయైనా అరుగుతుంది. మీరు తొడుక్కున్న ఆ కోట్లు ఉన్నాయే, వాటిని మెత్తబరిచింది ఈ వేళ్ళే. గిల్లిస్ గారూ, ముప్ఫై ఏళ్ళుగా మా చేతుల మీదుగా వచ్చిన బట్ట అమ్ముకుని మేడలు కట్టారు. బట్టని గజాల లెక్కన చూశారు, నలిపి చూశారు, వాసన చూశారు. దాన్ని మీకందించిన చేతుల్ని ఒక్కనాడూ చూడలేదు. చూసుంటే ఇంత తెలివితక్కువ దొంగతనం చేసేవారు కాదు."

గిల్లిస్ మొహం ఎర్రబడింది. "ఎవరివో వేళ్ళు చూపించి నన్ను..."

"ఎవరివో ఎందుకు? మొదటి వేలు మీదేనని పత్రంలో మీరే రాయించుకున్నారు. అది మీ కుడిచెయ్యి. రెండోదాన్ని చూడండి రెయ్నియర్ అయ్యగారూ. గీతలకి అడ్డంగా ఒక గాటుంది, ఏటవాలుగా. మా ఆయనకి రొట్టె తినిపించిన చేతికి సరిగ్గా అలాంటి గాటే ఉంది. నేను ముద్దుపెట్టుకున్నాను ఆ చేతిని. నాకు తెలియదా?"

మిగతా ఏడు తలలూ గిల్లిస్ వైపు తిరిగాయి. ఆయన ఎడమచెయ్యి బల్ల మీద లేదు. చొక్కా చేతిలోకి ఎప్పుడు లాక్కున్నాడో లాక్కున్నాడు.

"చెయ్యి బల్ల మీద పెట్టు గిల్లిస్," అన్నాడు రెయ్నియర్.

గిల్లిస్ పెట్టలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. అది చాలు అందరికీ.

తరవాత ఏం జరగాలి? న్యాయం జరగాలి. జరిగిందేమిటంటే, గిల్లిస్‌తో సహా ఎనిమిదిమందీ పక్కగదిలోకి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. తిరిగొచ్చి రెయ్నియర్ మైదానం పత్రాన్ని కత్తెరతో మధ్యకి కోసి లాంబెర్ట్ చేతిలో పెట్టాడు. తీర్పు చెప్పే గొంతుతో కాదు, ఇంట్లో పిల్లల్ని బుజ్జగించే గొంతుతో మాట్లాడాడు.

"మీ మైదానం మీకే. గిల్లిస్ ఒంట్లో బాగాలేక సభ నుంచి తప్పుకుంటాడు. పాపపరిహారానికి యాత్ర కూడా పోయొస్తాడు. ఈ సంగతి ఈ నాలుగు గోడలూ దాటకూడదు. ముద్ర పరువు పోతే ఊరి పరువు పోతుంది. సంత నెత్తిమీదికొచ్చింది. ఇక అభయపత్రాల పని చూద్దాం."

"ఒంట్లో బాగాలేకనా!" అంది మాబెలీ. "మా తొట్టెవాడు జానెడు గుడ్డముక్క దాచితే సంతలో నిలబెట్టి చెవి కోస్తారు. ఈయన ఊరి నేలంతా మింగితే ఒంట్లో బాగాలేదూ! బాగుంది, మీ వైద్యం బాగుంది."

యోస్ ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు. "వదినా, నేల తిరిగొచ్చింది కదా. ఊరుకున్నంత ఉత్తమం లేదు. పద."

ఆమె విదిలించుకుంది. "నీకు నేల తిరిగొచ్చింది. నాకేం తిరిగొచ్చింది? మీ అన్న పేరు మెట్ల మీద చదివారు. ఊరంతా విని నా గుమ్మం మీద కుడితి పోసింది. నువ్వు ఇవాళ కూడా నా పక్కన నడవలేదు, పదడుగులు వెనక నడిచావు. నేను చూడలేదనుకున్నావా?"

యోస్ తల దించుకున్నాడు. తలుపు వైపు జరిగి నిలబడ్డాడు.

గిల్లిస్ దగ్గర తీసుకున్న చెవితో రెయ్నియర్ ఒక తాళం తీశాక, మాబెలీ మెడలోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. మాట ఇచ్చింది కాబట్టి తెరిచింది. లాంబెర్ట్ మొదటి అభయపత్రం పరిచి, వేడి మైనం పెట్టి అచ్చు ఒత్తాడు. గోడ, ద్వారం, వాగు, చట్రం చక్కగా తేలాయి. గిల్లిస్ బదులు రెయ్నియరే వెనకవైపు తన వేలు నొక్కాడు. తరవాత అందరూ ఆమెవైపు చూశారు. ఆడదాని వేలు ఆనవాయితీ కాదని ఇప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

మాబెలీ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడింది.

"నొక్కమ్మా," అన్నాడు లాంబెర్ట్. "మైనం చల్లారిపోతోంది."

"చల్లారనీ."

"ఏం కావాలి నీకు?" అన్నాడు రెయ్నియర్.

"మంగళవారం గంట కొట్టి చదివారు. ఇవాళా గంట కొట్టండి. అవే మెట్ల మీద నిలబడి, అదే నోటితో, ఆ వేలు మా ఆయనది కాదని చెప్పండి. ఎవరిదో కూడా చెప్పండి. అప్పుడు నొక్కుతాను. మీ పరువు కోసం మా ఆయన దొంగగా మట్టిలో పడుండాలా? ఊరి ముద్ర మీద ఏముందో చదువుకోండి ముందు. ప్రజల ముద్ర అనుంది. గిల్లిస్ ముద్ర అని లేదు. మా ఆయన ఆ ప్రజల్లోవాడు కాదా?"

పత్రం మీది మైనం మెరుపు తగ్గి పసుపు ముద్దగా గడ్డకట్టడం అందరూ చూస్తూనే ఉన్నారు. ఇంకా నలభై తొమ్మిది పత్రాలున్నాయి. చివరికి రెయ్నియర్ లాంబెర్ట్ కేసి చూసి తల ఊపాడు.

గంట మోగింది. మాబెలీ కిటికీ తెరిచి నిలబడింది. కింద సంతవీధిలో జనం పోగయ్యారు. లాంబెర్ట్ మెట్ల మీదికొచ్చి, గొంతు సవరించుకుని, మీసాల్లో గొణిగినట్టు ఏదో చదివాడు.

"వినపడలేదు!" అని పైనుంచి అరిచింది మాబెలీ.

లాంబెర్ట్ మళ్ళీ చదివాడు, కాస్త గట్టిగా. ఈసారి అరిచింది ఆమె కాదు. ఎప్పుడు కిందికి దిగాడో, జనం మధ్య నిలబడి యోస్ అరిచాడు. "ఇంకా గట్టిగా చదవవయ్యా! అన్న పేరు చదివినంత గట్టిగా!"

"ఆ వేలు తొట్టెవాళ్ళ బౌడెన్‌ది కాదు!" అని గొంతు చించుకున్నాడు లాంబెర్ట్. "బౌడెన్ ఏ పాపమూ ఎరగడు! రెండు వేళ్ళూ గిల్లిస్‌వే!"

తరవాత లేచిన గోలలో ఎవరేమంటున్నారో తెలియలేదు. పక్కింటావిడ తలమీద గుడ్డ మొహం మీదికి లాక్కోవడం మాత్రం మాబెలీ చూసింది. చూసి కిటికీ మూసేసింది.

లాంబెర్ట్ రొప్పుతూ తిరిగొచ్చి, గడ్డకట్టిన ముద్రని నాడా నుంచి ఊడబెరికి గిన్నెలో పడేశాడు. మళ్ళీ మైనం పెట్టాడు, మళ్ళీ అచ్చు ఒత్తాడు, రెయ్నియర్ మళ్ళీ వేలు నొక్కాడు. మాబెలీ చంకల్లోంచి చెయ్యి తీసి, ఆ పక్కనే తన బొటనవేలు ఆనించి, గట్టిగా నొక్కి ఎత్తింది. నున్నటి గుంట పడింది. ఒక్క గీత లేదు.

"ఊఁ," అంది లాంబెర్ట్‌తో, "రెండోది పెట్టు."